బతుకమ్మ పాటల రికార్డింగ్‌కు ముందు: లినక్స్‌లో విండోస్ ప్లగిన్లు వాడేవారికి జాగ్రత్తలు

వినాయక నిమజ్జనం ముగిసిందంటే నల్లగొండలో చిన్న స్టూడియోలు నడిపేవారికి నిద్ర తక్కువ. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మ. ఆ లోపు పాట బయటికి రావాలి, లేకపోతే సద్దుల నాటికి దాన్ని అడిగేవారుండరు. నకిరేకల్ నుంచో మునుగోడు నుంచో అయిదారుగురు అక్కలు ఒక పూట కూలి వదులుకుని బస్సెక్కి వస్తారు. వాళ్లను చాప మీద కూర్చోబెట్టి, ప్లగిన్ (రికార్డింగు సాఫ్ట్‌వేర్‌కు తగిలించి శబ్దాన్ని మార్చే చిన్న ప్రోగ్రాము) ఎందుకు తెరుచుకోవడం లేదా అని మనం తల పట్టుకోకూడదు. అందుకే రాస్తున్నాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు ఉన్నవారికి లినక్స్ మంచి దారి. పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్లు రీపర్, బిట్‌విగ్, ఆర్డోర్ మూడూ లినక్స్‌లో నేరుగా నడుస్తాయి. చిక్కంతా విండోస్ కోసం డబ్బు పెట్టి కొన్న ప్లగిన్లతోనే. వాటిని వైన్, యాబ్రిడ్జ్ అనే రెండు ప్రోగ్రాములు కలిసి నడిపిస్తాయి. ఎదురుగా ఉన్నది లినక్స్ ప్లగిన్ అనే రీపర్ అనుకుంటుంది. యాబ్రిడ్జ్ ఆ మాటను వైన్‌కు అందిస్తుంది, విండోస్ చేయాల్సిన పనిని వైన్ చేసిపెడుతుంది. ఇంత పొడవైన గొలుసులో ఎక్కడ ఒక్క కొక్కెం మారినా ప్లగిన్ మొరాయిస్తుంది.

కాబట్టి అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒక్కటే: రికార్డింగు రోజులు మొదలయ్యాక అప్‌డేట్ చేయకండి. యాబ్రిడ్జ్ 5.1.1 వైన్ 9.21 వరకు చక్కగా కుదిరింది. 9.22 నుంచి ప్లగిన్ కిటికీలో మౌస్ ఒక చోట నొక్కితే మరో చోట పడే ఇబ్బంది వచ్చింది. ప్లగిన్ మోగుతూనే ఉంటుంది, కానీ దాని మీట ఒక్కటీ తిప్పలేం. మీ దగ్గర ఏ వెర్షన్లు కుదిరి నడుస్తున్నాయో కాగితం మీద రాసి మానిటర్‌కు అంటించండి. ఉబుంటు, మింట్ వాడేవారు ఏపీటీ-మార్క్ హోల్డ్ ఆదేశంతో వైన్‌ను ఆ వెర్షన్ దగ్గరే ఆపేయవచ్చు.

టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాముతో స్నాప్‌షాట్ (సిస్టమ్‌ను వెనక్కి తిప్పడానికి ఉంచే నకలు) తీసి ఉంచాం కదా అని ధీమాగా ఉండేవారికి ఒక మాట. మనం ప్రత్యేకంగా చెప్పకపోతే టైమ్‌షిఫ్ట్ హోమ్ ఫోల్డర్‌ను వదిలేస్తుంది. వైన్ ప్రిఫిక్స్, అంటే మన ప్లగిన్లు, వాటి సెట్టింగులు ఉన్న ఫోల్డర్, మామూలుగా ఉండేది ఆ హోమ్‌లోనే. దాన్ని విడిగా మరో డిస్కులోకి కాపీ చేయండి. ఆ డిస్కు లినక్స్ వాడే ఎక్స్‌ట్4 పద్ధతిలో ఫార్మాట్ చేసినదైతే మేలు. విండోస్ పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కు మీద ప్రిఫిక్స్ పెడితే అనుమతుల తగాదాలు వస్తాయి. విండోస్, లినక్స్ రెండూ ఉన్న కంప్యూటరైతే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి. అది ఉన్నప్పుడు వాయిద్యాల శబ్దాలు దాచుకున్న డిస్కు లినక్స్‌లో చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు, అందులోకి ఏదీ రాయలేం.

లైసెన్సుల దగ్గర నేను ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నాను. వానకు కేబుల్ తెగి నెట్ పోయిన రోజునే ఒక రివర్బ్ (గొంతుకు ప్రతిధ్వని చేర్చే) ప్లగిన్ మళ్లీ ఆన్‌లైన్ తనిఖీ అడిగింది. పాడేవాళ్లు రెండు గంటలు ఎదురుచూసి, బస్సు వేళ అయిందని లేచి వెళ్లిపోయారు. ఆ రోజు వాళ్లు పోగొట్టుకున్న కూలి నాకు ఇప్పటికీ గుర్తు. అప్పటి నుంచి ప్రతి ప్లగిన్‌నూ వారం ముందు నెట్ తీసేసి తెరిచి చూస్తున్నాను. యూఎస్‌బీలో గుచ్చే ఐలాక్ అనే లైసెన్సు తాళం అడిగే ప్లగిన్లను వైన్‌లో నమ్ముకోవద్దు. కొత్త ప్రిఫిక్స్ చేస్తే దాన్ని కొత్త కంప్యూటర్‌గా లెక్కపెట్టే లైసెన్సులూ ఉన్నాయి, అందువల్ల రికార్డింగు రోజుల్లో ప్రిఫిక్స్ తుడిచి మళ్లీ మొదలుపెట్టే పని పెట్టుకోకండి.

దొంగ ప్లగిన్ల గురించి కూడా చెప్పాలి. వైన్‌లో నడిపితే వైరస్ ఏమీ చేయలేదని కొందరు నమ్ముతారు. అది తప్పు. వైన్ మామూలుగా జడ్ డ్రైవ్ పేరుతో మీ డిస్కు మొత్తాన్ని చూపిస్తుంది. మీరు తెరవగల ఫైళ్లన్నీ, పాడినవారి గొంతులున్న ఫైళ్లతో సహా, ఆ ప్లగిన్ కూడా తెరవగలదు.

రీపర్‌నో బిట్‌విగ్‌నో ఫ్లాట్‌పాక్ రూపంలో (మిగతా సిస్టమ్‌కు దూరంగా విడి పెట్టెలో నడిచే ప్యాకేజీగా) వేసుకుంటే యాబ్రిడ్జ్ కుదరదు, మామూలు ప్యాకేజీయే వేసుకోండి. కొత్త ప్లగిన్ వేసినా, పాతది మార్చినా యాబ్రిడ్జ్‌సీటీఎల్ సింక్ ఆదేశం నడపడం మరవకండి. మీ యూజర్ పేరు ఆడియో గ్రూపులో ఉందో లేదో, రియల్‌టైమ్ అనుమతి (ఆడియో పనికి మిగతా పనులకన్నా ముందు వంతు ఇచ్చేది) అందుతోందో లేదో చూసుకోండి. అది లేకుండా ఎంత మంచి ప్రాసెసర్ ఉన్నా పాట మధ్యలో చిటచిట వినిపిస్తుంది.

ఇక రికార్డింగు రోజు. బతుకమ్మ పాటకు చప్పట్లే తాళం. హెడ్‌ఫోన్‌లో తమ చప్పుడు ఆలస్యంగా వినిపిస్తే "ఉయ్యాలో" అందుకునేవాళ్లు వెంటనే తడబడతారు, ఎంత అలవాటు ఉన్నవారైనా సరే. 48,000 హెర్ట్జ్ దగ్గర బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసుకునే శబ్దం, 128 శాంపిళ్లయితే దాదాపు 2.7 మిల్లీ సెకన్ల ఆలస్యం, 1024 అయితే 21 మిల్లీ సెకన్లు. పాడేటప్పుడు 128 పెట్టి, విండోస్ ప్లగిన్లన్నీ ఆపేయండి. మీ ఆడియో ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ (గొంతును కంప్యూటర్ దాకా పోనివ్వకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కు పంపేది) ఉంటే ఇంకా మంచిది. మిక్సింగుకు కూర్చున్నాక బఫర్ పెంచుకుని ప్లగిన్లు తెరవండి. ల్యాప్‌టాప్ వాడేవారు చార్జర్ పెట్టి, తీసి, రెండు విధాలా ఒక నిమిషం ఖాళీ రికార్డింగు చేసి వినండి. కొన్ని చార్జర్లు సన్నని హోరు తెస్తాయి, అలాగని తీసేస్తే ప్రాసెసర్ వేగం తగ్గవచ్చు. కరెంటు పోతే డెస్క్‌టాప్‌కు యూపీఎస్ తప్ప దిక్కు లేదు.

మిక్సింగులో ఒక ట్రాక్ మీద విండోస్ ప్లగిన్ పని ముగియగానే ఆ ట్రాక్‌ను ప్లగిన్ మార్పులతో సహా వేవ్ ఫైలుగా రెండర్ చేసి పక్కన పెట్టండి. మర్నాడు ఆ ప్లగిన్ తెరుచుకోకపోయినా పాట మీ చేతిలో ఉంటుంది. ప్రతి పనికీ ఒక లినక్స్ ప్లగిన్‌ను కూడా సిద్ధంగా ఉంచుకోండి: ఈక్వలైజర్, కంప్రెసర్‌లకు ఎల్‌ఎస్‌పీ, రివర్బ్‌కు డ్రాగన్‌ఫ్లై, సింథ్‌కు సర్జ్ ఎక్స్‌టీ. ఇవి ఉచితం, వైన్‌తో పని లేదు. నా వరకు డప్పు ట్రాకులకు ఎల్‌ఎస్‌పీ కంప్రెసర్ చాలు. విండోస్ కంప్రెసర్లు కొన్నవి ఉన్నా వాటిని తెరవడం మానేశాను.

ఆపి ఉంచిన అప్‌డేట్లను సద్దుల బతుకమ్మ దాటాకే వదలండి. పాలమూరు వైపు వారికి దీపావళి దాటగానే కురుమూర్తి జాతర పాటల పని ఉంటుంది కనుక, దసరాకు, దీపావళికి మధ్య రోజుల్లోనే అప్‌డేట్ చేసి, నిరుటి ప్రాజెక్టు ఒకటి తెరిచి మొదటి నుంచి చివరి దాకా వినండి.