బెంగళూరు గదిలో ఒకటే నెట్, రెండు కంప్యూటర్లు

ఉద్యోగానికని బెంగళూరు వచ్చే మనవాళ్లు మొదట ల్యాప్‌టాప్ ఒక్కటే వెంట తెచ్చుకుంటారు. మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో దిగుతారు. రెండు మూడు నెలలయ్యాక ఇంటి దగ్గర ఊరికే పడివున్న డెస్క్‌టాప్ గుర్తొస్తుంది. నేనూ అంతే. సంక్రాంతికి వెళ్లి, సీపీయూని పాత దుప్పట్లో చుట్టి, అనంతపురం నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. హెబ్బాళ్‌లో దిగి ఆటోకి బేరమాడుతున్నప్పుడు కూడా తట్టలేదు, ఆ డబ్బాకి వైఫై లేదన్న సంగతి.

పాత డెస్క్‌టాప్‌లు చాలావాటికి ఉండదు. వెనకాల లాన్ పోర్టు, అంటే నెట్ వైరు గుచ్చే చోటు మాత్రం ఉంటుంది. పీజీలో ఏమో వైఫై పాస్‌వర్డ్ ఇస్తారు గానీ రౌటర్ దగ్గరికి పోనివ్వరు. అది ఎక్కడో మెట్ల మలుపులో, చేతికందని ఎత్తులో ఉంటుంది. అలాంటప్పుడు ల్యాప్‌టాప్ చేత నెట్ పట్టించి, అక్కడి నుంచి లాన్ కేబుల్‌తో డెస్క్‌టాప్‌కి పంపొచ్చు. విండోస్‌లోనే ఈ ఏర్పాటు ఉంది, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రెండింటికీ మధ్య మామూలు లాన్ కేబుల్ పెట్టండి. ఇదివరకు దీనికి క్రాస్ కేబుల్ కావాలనేవారు, ఇప్పటి మెషీన్లకు ఆ పట్టింపు లేదు. ల్యాప్‌టాప్‌లో కంట్రోల్ ప్యానెల్ ద్వారా నెట్‌వర్క్ కనెక్షన్స్ తెరిచి, వైఫై మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో షేరింగ్ అన్న భాగానికి వెళ్లండి. అక్కడ మొదటి గడిలో టిక్ పెట్టి, ఎవరికి పంచాలని అడిగితే ఈథర్‌నెట్, అంటే లాన్ కేబుల్ దారి ఎంచుకోండి. వైఫై మీద పెట్టాల్సిన టిక్ ఈథర్‌నెట్ మీద పెట్టి, గంటసేపు విండోస్‌ని తిట్టినవాణ్ణి నేను. నెట్ వస్తున్న దారి మీద టిక్, పోవాల్సిన దారి ఎంపికలో.

అప్పుడు ల్యాప్‌టాప్ లాన్ వైపు 192.168.137.1 అనే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ మెషీన్ చిరునామా) తీసుకుంటుంది. డెస్క్‌టాప్‌లో ఐపీ అడ్రస్ ఆటోమేటిక్‌గా ఉంచితే చాలు, తనకో అడ్రస్ తనంతట తానే అందుకుంటుంది. డెస్క్‌టాప్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే ల్యాప్‌టాప్ నుంచి దానికి ఏమీ అందలేదన్నమాట. ఆ టిక్ తీసేసి మళ్లీ పెట్టండి. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాక కూడా ఒక్కోసారి ఇలాగే మొరాయిస్తుంది, మందు అదే.

ఈ పద్ధతికి ఒక శాపం ఉంది. ల్యాప్‌టాప్ నిద్రపోతే డెస్క్‌టాప్‌కి నెట్ పోతుంది. నా డెస్క్‌టాప్‌లో రూమ్మేట్ క్రికెట్ చూస్తుంటాడు, నేను ల్యాప్‌టాప్ మూత వేస్తాను, "ఒరేయ్, చివరి ఓవర్ రా!" అని కేక. రెండు వారాల్లోనే విసుగొచ్చింది.

మీ దగ్గరున్నది ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మాత్రం ఈ జోలికి పోకండి. అడ్మిన్ హక్కులు లేక చాలావాటిలో ఆ టిక్ పడదు. పడినా, కంపెనీ మెషీన్ గుండా సొంత వ్యవహారం నడపడం తలనొప్పే. దానికన్నా ఆండ్రాయిడ్ ఫోన్‌ని పీజీ వైఫైకి కలిపి, ఛార్జింగ్ కేబుల్‌తో డెస్క్‌టాప్‌కి తగిలించి, యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. చాలా ఫోన్లు మొబైల్ డేటా ఖర్చు కాకుండా ఆ వైఫైనే అటు పంపేస్తాయి. రోజూ కావాలంటే యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనుక్కోండి. సిటీ మార్కెట్‌కి దగ్గర్లోని ఎస్పీ రోడ్డులో వరసగా కంప్యూటర్ సామాన్ల షాపులే. అక్కడ మన తెలుగు బాగానే నడుస్తుంది, బేరం ఇంకా బాగా నడుస్తుంది.

సొంతంగా ఇల్లు తీసుకున్నాక ఈ తిప్పలేవీ ఉండవు. రెండో కనెక్షన్ అవసరం అసలే లేదు. ఇంట్లోకి ఫైబర్ వస్తుంది, ఒక డబ్బా పెడతారు, దానిలోనే వైఫై, వెనక కొన్ని లాన్ పోర్టులు. కదలని డెస్క్‌టాప్‌కి వైరు, చేతిలో తిరిగే ల్యాప్‌టాప్‌కి వైఫై, అంతే. ఆ డబ్బా ఎక్కడ పెట్టించుకుంటారన్నదే అసలు విషయం. వచ్చిన కుర్రాడు తొందరలో తలుపు పక్కనే మేకు కొట్టేసి పోతాడు. డెస్క్‌టాప్ టేబుల్ ఎక్కడో ముందే అనుకుని, దాని దగ్గరకే ఫైబర్ లాగమనండి. గోడకు కన్నం పెట్టే ముందు ఓనర్‌ని ఒక మాట అడగండి, లేకపోతే ఖాళీ చేసే రోజున అడ్వాన్స్‌లోంచి ఆ కన్నానికి కూడా కోత పడుతుంది. ఇల్లు కుదురుగా ఉంటుందో లేదో తెలిసేదాకా ఏడాది ప్లాన్ కట్టకండి. ఈ ఊళ్లో ఆఫీసు మారితే ఇల్లూ మారుతుంది.

వైఫై సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాలుగా వస్తుంది. 5 వేగం, కానీ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. ల్యాప్‌టాప్ అదే గదిలో ఉంటే 5, వంటింట్లో కూర్చుంటే 2.4.

ఇక వేగం. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 100 మెగాబైట్లు దిగవు. అది మెగాబిట్ల లెక్క, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, కాబట్టి దిగేది 12.5 మెగాబైట్లు. ఇది తెలియక గొడవపడేవాళ్లు చాలామంది. అయితే 200 ప్లాన్ కట్టినా డెస్క్‌టాప్‌లో 95 దగ్గరే ఆగిపోతుంటే తప్పు కంపెనీది కాకపోవచ్చు. లాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి, నాలుగే సరిగ్గా తగిలితే 100 దాటదు. నా ఇంట్లో జరిగింది అదే: పిన్ సరిగా నొక్కకుండా బిగించి పోయారు. క్యాట్ 5ఈ కేబుల్ చాలు, 100 మీటర్ల దాకా గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్ మోస్తుంది. డెస్క్‌టాప్ మరీ పాతదైతే దాని లాన్ కార్డే 100 రకం కావచ్చు, అప్పుడు కేబుల్ మార్చినా లాభం లేదు.

నెట్ పోయినప్పుడు ముందు డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతోందేమో చూడండి. లాస్ (LOS) అని రాసివున్న లైటు ఎర్రగా ఉంటే ఫైబర్‌లో సిగ్నల్ లేదని అర్థం, మీ కంప్యూటర్ సెట్టింగులు కెలకొద్దు. ఫోన్ చేసి "నెట్ బర్తిల్ల, రెడ్ లైట్ బర్తిదె" అంటే చాలు, మీ కన్నడ అక్కడితో అయిపోయినా అవతలివాళ్లకి అర్థమవుతుంది.

కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, డబ్బా మాత్రం చచ్చిపోతుంది. దానికి చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, చాలా డబ్బాలు 12 వోల్టులవే. కొనేముందు అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంప్స్ అని రాసివుందో ఫోటో తీసుకెళ్లండి.