సీసం లేని పెరోవ్‌స్కైట్‌తో తెల్ల వెలుగు – 3వ భాగం: లెడ్ తీసేశాక ఏం పెట్టాలి

పోయిన భాగంలో పెరోవ్‌స్కైట్ క్రిస్టల్స్‌కి ఉండే ఏబీఎక్స్3 నిర్మాణం (ఏ, బీ ప్లస్ ఛార్జ్ అయాన్లు, ఎక్స్ క్లోరిన్ లాంటి మైనస్ అయాన్) చూశాం కదా, అందులో బీ దగ్గరున్న లెడ్‌ని, అంటే సీసాన్ని, ఇవాళ తీసేద్దాం. ముందుగా ఎవరికైనా తట్టేది టిన్, దాని ఛార్జ్ కూడా ప్లస్ 2 కాబట్టి లెక్క సరిపోతుంది, కానీ గాలి తగిలితే చాలు ప్లస్ 4 అయిపోయి మెటీరియల్ పాడైపోతుంది. లైటుకి అది పనికిరాదనే నా అభిప్రాయం.

ఇంకో దారుంది. రెండు లెడ్‌లు తీసి ఒక ప్లస్ 1, ఒక ప్లస్ 3 పెట్టండి, మొత్తం 4 అలాగే ఉంటుంది. దీన్నే డబుల్ పెరోవ్‌స్కైట్ అంటారు. సిల్వర్, ఇండియం తీసుకుందాం: సీజియం రెండు, సిల్వర్ ఒకటి, ఇండియం ఒకటి, క్లోరిన్ ఆరు. పెన్ను పట్టుకోండి, 2+1+3 = 6, క్లోరిన్ వైపు మైనస్ 6, సున్నా వచ్చింది.

ఇక సైజు. అయాన్లు ఈ నిర్మాణంలో సరిగ్గా ఇముడుతాయో లేదో చెప్పే టాలరెన్స్ ఫ్యాక్టర్, గోల్డ్‌ష్మిట్ 1926లో ఇచ్చింది, ఇక్కడ వాడాలి. అయాన్ వ్యాసార్థాలు చూస్తే సీజియం 1.88, క్లోరిన్ 1.81 ఆంగ్‌స్ట్రామ్‌లు, కలిపితే 3.69. సిల్వర్ 1.15, ఇండియం 0.80, సగటు 0.975, దానికి క్లోరిన్ కలిపి 1.414తో గుణిస్తే 3.94. పైదాన్ని కిందిదాంతో భాగిస్తే 0.94. సుమారు 0.8 నుంచి 1 మధ్యలో ఉంటే ఫర్వాలేదు.

క్రిస్టల్ వస్తుంది సరే, వెలుగు మాత్రం ఒక శాతం కూడా రాదు! ఎందుకంటే ఎలక్ట్రాన్ పై శక్తి నుంచి కిందికి దిగి వెలుగిచ్చే దారిని క్రిస్టల్ సిమెట్రీయే మూసేస్తుంది. 2018లో వుహాన్‌లోని హువాజోంగ్ యూనివర్సిటీ టీమ్ వాళ్లు కొంత సిల్వర్ తీసి 40 శాతం సోడియం పెట్టారు, సిమెట్రీ చెదిరి దారి తెరుచుకుంది, దానికి 0.04 శాతం బిస్మత్ కూడా కలిపితే ఎఫిషియన్సీ, అంటే పీల్చుకున్న వెలుగు కణాలకి తిరిగి వెలుగుగా వచ్చే వాటా, 86 శాతం దాకా వచ్చింది, నాకైతే ఈ రంగంలో ఇంత అందమైన పని ఇంకోటి కనపడలేదు. ఎక్సైట్ అయిన ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) జంట చుట్టూ లాటిస్ (క్రిస్టల్‌లో పరమాణువుల అమరిక) వంగి అవి అక్కడే చిక్కుకుపోతాయి, అందుకే వెలుగు ఒక రంగులో కాకుండా 400 నుంచి 800 నానోమీటర్ల దాకా పరుచుకుని వెచ్చటి తెలుపు అవుతుంది. ఒకటి గుర్తుంచుకోండి, ఈ 86 శాతం యూవీ వెలుగు కొట్టి కొలిచింది, కరెంటు పెట్టి కాదు.

హోంవర్క్: సిల్వర్ 60, సోడియం 40 శాతంతో ఫ్యాక్టర్ మళ్లీ కట్టండి, సోడియం సైజు 1.02. 0.95 రావాలి. రాకపోతే ముందు సిల్వర్, సోడియం సగటు తీశారో లేదో చూడండి, ఇండియం కలిపేది ఆ తర్వాతే. వచ్చే భాగంలో కరెంటు సంగతి.