వేలాండ్‌లో నల్లబడిన స్క్రీన్ షేరింగ్: నా అనుభవం

పర్లాకిమిడిలో మా బావగారి దరఖాస్తుల దుకాణంలోని లినక్స్ కంప్యూటర్‌ను, తెరపై విండోలను చూపే కొత్త ఏర్పాటైన వేలాండ్‌కు మార్చాక, వీడియో సమావేశాల్లో మా స్క్రీన్ అవతలివారికి నల్లగానే కనిపించేది. పాత ఎక్స్11కే తిరిగి వెళ్లమని కొందరు సలహా ఇచ్చారు గానీ, 1987 నాటి ఆ ఏర్పాటులో ఒకే తెరపై నడిచే ఏ ప్రోగ్రామైనా మరొకదానిలో కొట్టే అక్షరాలను, దాని విండోలోని దృశ్యాన్ని అనుమతి లేకుండానే చదవగలదు కాబట్టి, ఊరివాళ్లు బ్యాంకు పాస్‌వర్డులు కొట్టే యంత్రానికి అది తగదనిపించింది. వేలాండ్‌లో ఆ అధికారం విండోలన్నిటినీ కూర్చి తెరపై చూపే కంపోజిటర్ అనే ప్రోగ్రామ్‌దే. తెరను చూడదలచిన ప్రోగ్రామ్ పోర్టల్ అనే మధ్యవర్తి ప్రోగ్రామ్ ద్వారా అడగాలి. మా యంత్రంలో గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌కు చెందిన పోర్టల్ ప్యాకేజీయే లేదు. దాన్ని, తెర దృశ్యాన్ని ప్రోగ్రాములకు అందించే పైప్‌వైర్‌ను ఇన్‌స్టాల్ చేసి, లాగవుటై మళ్లీ లాగిన్ కాగానే, ఏ విండో చూపాలో అడిగే పెట్టె వచ్చింది. ఎక్స్11 ప్రోగ్రాములను వేలాండ్‌లో నడిపే ఎక్స్‌వేలాండ్‌పై నడిచే పాత ప్రోగ్రాములు మాత్రం ఒకదాన్నొకటి ఇంకా చూడగలవు. అందుకే బ్రౌజరును నేరుగా వేలాండ్‌పైనే నడుపుతున్నాము.