ఇంటి మీడియా సర్వర్‌లో వీడియో ఆగి ఆగి వస్తుంటే

కోనసీమ మండువా లోగిళ్లలో సర్వర్ (సినిమాలు దాచి టీవీకి పంపే కంప్యూటర్) వీధి గదిలోనూ టీవీ పెరటి గదిలోనూ ఉంటే, మందపాటి గోడలు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ వైఫై బలహీనపడుతుంది కనుక, ముందుగా రెండింటినీ ల్యాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి అదే సినిమాను మళ్లీ నడిపి చూడాలి. ఆగకుండా వస్తే లోపం వైఫైదే. ఇందుకోసం ఇంటర్నెట్ ప్లాన్ పెంచడం శుద్ధ దండగ. ఇంట్లోని సర్వర్ నుంచి ఇంట్లోని టీవీకి వెళ్లే వీడియోకు బయటి లైనుతో పనే లేదు.

అప్పటికీ ఆగుతుంటే, సినిమా నడుస్తుండగానే సర్వర్‌ను నడిపే జెల్లీఫిన్ సాఫ్ట్‌వేర్ డ్యాష్‌బోర్డు తెరిచి, ట్రాన్స్‌కోడింగ్ (వీడియోను మరో రూపంలోకి మార్చడం) జరుగుతోందేమో గమనించాలి. టీవీకి హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో కుదించిన వీడియో ఫైళ్లు ఆడించే శక్తి లేకపోయినా, బ్లూరే నుంచి తీసిన బొమ్మల రూపపు సబ్‌టైటిళ్లు పెట్టినా, సర్వర్ వీడియోనంతా అప్పటికప్పుడు మార్చి పంపవలసి వస్తుంది. పాత ప్రాసెసర్‌కు అది తలకు మించిన పని. సబ్‌టైటిళ్లు ఆపగానే సాఫీగా నడిస్తే, వాటి బదులు అక్షరాల రూపంలో ఉండే ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలు పెట్టుకోవాలి.