మత్తులో భ్రాంతులు: మరో మిల్లీగ్రాము ఎక్కించే ముందు

సమస్య: ఎండోస్కోపీకో, విరిగిన ఎముక సర్దడానికో మత్తు ఇచ్చిన రోగి నిద్రలోకి జారకుండా, గదిలో లేని మనుషులతో మాట్లాడుతూ, గాలిలో దేన్నో అందుకోబోతూ, చేతికున్న క్యాన్యులా (సిరలోకి మందు ఎక్కించే గొట్టం) పీకేసుకుంటున్నారు.

ముందు ఊపిరి చూడండి. ఆక్సిజన్ తగ్గినా, కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నా మనిషి ఇలాగే పెనుగులాడతాడని అందరికీ తెలుసు, అయినా చెయ్యి మొదట సిరంజి మీదికే పోతుంది. ముక్కుగొట్టంతో ఆక్సిజన్ అందుతున్నప్పుడు ఊపిరి మందగించినా ఆక్సిజన్ కొలిచే వేలి క్లిప్పు చాలాసేపు మంచి అంకెనే చూపిస్తుంది కనుక, గడ్డం పైకెత్తి ఛాతీ లేస్తున్నదో లేదో కళ్ళతో చూడాలి. వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే క్యాప్నోగ్రాఫ్ ఉంటే దాని గీతను గమనించాలి. ఆ వెంటనే రక్తంలో చక్కెర, నొప్పి, నిండిన మూత్రాశయం చూసుకోండి.

కెటమిన్ అనే మత్తుమందు ఇచ్చి ఉంటే, మెలకువ వచ్చే దశలో పీడకలలు, తేలిపోతున్న భావన కలగడం తెలిసిన విషయమే; తయారీదారుల సమాచారమే సుమారు 12 శాతం మందిలో అని చెబుతుంది. గదిలో సందడి తగ్గించి, మెల్లగా పేరు పెట్టి పలకరిస్తే చాలామంది కుదుటపడతారు. తగ్గకపోతే మిడజోలం అనే మరో మత్తుమందు కొద్దిగా ఇస్తే పనిచేస్తుంది.

అసలు చిక్కు ఆ మిడజోలమే కారణమైనప్పుడు వస్తుంది. కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, వృద్ధుల్లో, మద్యం అలవాటున్నవారిలో, అది మత్తుకు బదులు ఉద్రేకాన్ని, భ్రాంతులను పుట్టిస్తుంది. చూసేవారికి మత్తు చాలలేదనిపిస్తుంది, మరో మిల్లీగ్రాము ఎక్కిస్తారు, రోగి ఇంకా రెచ్చిపోతారు, నలుగురు పట్టుకోవలసి వస్తుంది. డోసు పెంచినకొద్దీ గొడవ పెరుగుతున్నదంటే అదే గుర్తు: మందు ఆపండి, స్కోపు కదపడం ఆపండి, మత్తు డాక్టరును పిలవండి. విరుగుడు ఫ్లూమజెనిల్: 0.2 మిల్లీగ్రాములు సిరలోకి 15 సెకన్లపాటు ఇచ్చి, అవసరమైతే నిమిషం విరామంతో మళ్ళీ ఇస్తూ, మొత్తం 1 మిల్లీగ్రాము దాటకుండా చూసుకోవాలి. దీని ప్రభావం మిడజోలం కంటే ముందే తీరిపోయి మత్తు తిరిగి కమ్ముకోవచ్చు కనుక, రోగిని వెంటనే వార్డుకు పంపకూడదు.

అయితే రోజూ మిడజోలం కోవకే చెందిన ఆల్‌ప్రజోలం, క్లోనజెపాం వాడేవారికి, మూర్ఛ ఉన్నవారికి ఫ్లూమజెనిల్ ఫిట్స్ తెప్పించగలదు. “నిద్రమాత్రలు వేసుకుంటారా?” అని అడిగితే లేదంటారు, బీపీ మాత్రల పొట్లం విప్పితే మాత్రం అందులోనే ఆ స్ట్రిప్పు ఉంటుంది, కాబట్టి మత్తుకు ముందే పొట్లం తెప్పించి చూడండి. తెలంగాణలో కల్లు అలవాటు గురించి కూడా తప్పక అడగాలి. కల్తీ కల్లులో ఆల్‌ప్రజోలం, డయజెపాం కలుపుతారు. అది రోజూ తాగే మనిషి ఆసుపత్రిలో చేరి మానేస్తే, మన మందు లేకుండానే భ్రాంతులు మొదలవుతాయి. అటువంటివారికి విరుగుడు జోలికి పోకుండా, తక్కిన నిర్ణయం మత్తు డాక్టరుకు వదలాలి.

అట్రోపిన్, ప్రోమెథజిన్ మందుల వల్ల వచ్చే మతిభ్రమ అరుదు. ఒళ్ళు వేడిగా, పొడిగా ఉండి కంటిపాపలు విచ్చుకుని ఉంటే దాన్ని అనుమానించండి, అంతే.

ఏ మందు వల్ల జరిగిందో తేలాక, దాని పేరు, డోసు డిశ్చార్జి కాగితం మీద రాసి, ఇంకెక్కడైనా మత్తు ఇవ్వబోతే ఆ కాగితం ముందే చూపించాలని ఇంటివారికి చెప్పి పంపండి.