ఆండ్రాయిడ్ ఫోన్ రూట్ చేయడం నేర్చుకుందాం – మూడో పాఠం: రికవరీ, బ్యాకప్, ఆ తర్వాతే రూట్

రెండో పాఠంలో బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) తాళం తీశాం. మనం ఉదాహరణగా తీసుకున్న పోకో ఎఫ్1 మీ దగ్గర ఉంటే, ఆన్ చేయగానే తెర అడుగున 'అన్‌లాక్డ్' అనే మాట కనిపించాలి. కనిపించకపోతే ముందు ఆ పాఠం పూర్తి చేసి రండి. తాళం ఉన్న ఫోన్లో ఈ పాఠంలో చెప్పే ఫ్లాషింగ్, అంటే ఫోన్ స్టోరేజీలోని ఒక భాగంలోకి ఫైలుని నేరుగా రాయడం, ఏదీ జరగదు.

పోకో ఎఫ్1నే ఎందుకు ఎంచుకున్నానని కొందరికి అనిపించవచ్చు. 2018 ఆగస్టులో 20,999 రూపాయల ప్రారంభ ధరతో మన దేశంలో విడుదలైన ఫోన్ ఇది. స్నాప్‌డ్రాగన్ 845 ప్రాసెసర్ కాబట్టి ఇప్పటికీ చురుగ్గానే పనిచేస్తుంది. చాలా ఇళ్ళల్లో కొత్త ఫోన్ వచ్చాక ఇది బీరువాలోకి చేరి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, దీంట్లో రికవరీకి విడిగా ఒక పార్టిషన్ (స్టోరేజీలో వేరు చేసిన భాగం) ఉంది. నేర్చుకునేవాళ్ళకి అది చాలా సులువు. మీరు రోజూ వాడే ఫోన్, ముఖ్యంగా యూపీఐ, బ్యాంకు యాప్‌లు నడిచే ఫోన్ మీద మాత్రం మొదటి ప్రయోగం చేయకండి. రూట్ చేసిన, అంటే పూర్తి అధికారం మన చేతికి తెచ్చుకున్న ఫోన్‌ని గూగుల్ వాళ్ళ ప్లే ఇంటెగ్రిటీ పరీక్ష పట్టేస్తుంది. దాని మీద ఆధారపడే బ్యాంకు యాప్‌లు తెరుచుకోకపోవచ్చు. నెలాఖరులో కరెంటు బిల్లు కట్టబోయేటప్పుడు ఈ సంగతి తెలిస్తే అనవసరమైన టెన్షన్.

రికవరీ ఏం చేస్తుంది

ఫోన్ ఆన్ చేస్తే మొదట బూట్‌లోడర్ లేస్తుంది. అది బూట్ పార్టిషన్‌లోంచి వ్యవస్థకి గుండెకాయ లాంటి కెర్నల్‌నీ, ర్యామ్‌డిస్క్ అనే చిన్న ఫైళ్ళ మూటనీ తీసుకుని ఆండ్రాయిడ్‌ని నడిపిస్తుంది. పవర్, వాల్యూమ్ అప్ బటన్లు కలిపి నొక్కి ఆన్ చేస్తే మాత్రం బూట్ పార్టిషన్ జోలికి పోకుండా రికవరీ పార్టిషన్‌ని ఎత్తుకుంటుంది. అందులో సొంత కెర్నల్, సొంత చిన్న వ్యవస్థ ఉంటాయి. అంటే అసలు ఆండ్రాయిడ్ పూర్తిగా పాడైపోయినా రికవరీ లేచి నిలబడగలదు. ఇంటి ముందు తలుపు బిగుసుకుపోతే పెరటి తలుపు తెరుచుకున్నట్టు.

కంపెనీ ఇచ్చే రికవరీ తన సంతకం ఉన్న అప్‌డేట్లను మాత్రమే ఒప్పుకుంటుంది. అది కాక ఫ్యాక్టరీ రీసెట్ చేస్తుంది, అంతే. కస్టమ్ రికవరీకి ఆ నిబంధన లేదు. మీరు ఇచ్చిన ఫైలు వేస్తుంది, ఏ పార్టిషన్‌కైనా నకలు తీస్తుంది, తీసిన నకలు తిరిగి పెడుతుంది. మొదట్లో కౌశిక్ దత్తా రాసిన క్లాక్‌వర్క్‌మాడ్ రికవరీ బాగా వాడుకలో ఉండేది. 2011లో టీమ్‌విన్ బృందం టీడబ్ల్యూఆర్‌పీ తెచ్చింది. వేలితో తాకి పనిచేయించే బటన్లతో అది వచ్చాక ఈ విద్య కొత్తవాళ్ళకి అందుబాటులోకి వచ్చింది. మనమూ అదే వాడతాం.

చాలామంది రికవరీని రూట్‌కి ఒక మెట్టుగా మాత్రమే చూస్తారు. నా దృష్టిలో రూట్ కంటే రికవరీయే విలువైనది. రూట్ ఫోన్ మీద మీకు అధికారం ఇస్తుంది. ఆ అధికారంతో ఏదైనా చెడగొడితే వెనక్కి తెచ్చేది రికవరీ. అందుకే ఈ పాఠంలో పెద్ద భాగం బ్యాకప్ గురించే ఉంటుంది.

మార్చకముందే నకలు

టీడబ్ల్యూఆర్‌పీ అధికారిక సైట్లో మీ ఫోన్ పేరు కాదు, దాని సంకేతనామం చూసుకోండి. పోకో ఎఫ్1 సంకేతనామం బెరీలియం. పేర్లు దగ్గరగా ఉన్నాయని వేరే మోడల్ ఫైలు వేయకండి. ఫైలుతో పాటు దాని షా256 సంఖ్య, అంటే ఫైలుకి వేలిముద్ర లాంటిది, కూడా ఉంటుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లైనక్స్‌లో షా256సమ్ ఆదేశంతో మీ ఫైలు సంఖ్య తీసి రెండూ ఒకటేనా అని సరిచూడండి. డౌన్‌లోడ్ మధ్యలో తెగిన ఫైలు ఇక్కడే దొరికిపోతుంది.

ఆ ఫైలుని మొదటి పాఠంలో దించుకున్న ప్లాట్‌ఫామ్ టూల్స్ (ఏడీబీ, ఫాస్ట్‌బూట్ అనే ఆదేశాల ప్రోగ్రామ్‌లు ఉండే) ఫోల్డర్లోనే పెట్టి, పేరుని టీడబ్ల్యూఆర్‌పీ.ఐఎంజీ అని కుదించండి. ఫోన్లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్‌లో ఉండాలి, ఛార్జింగ్ సగం పైనే ఉండాలి. ఆ ఫోల్డర్లో టెర్మినల్ తెరిచి ఈ ఆదేశాలు ఒక్కొక్కటిగా ఇవ్వండి. ఇక్కడ తెలుగులో రాసినా టైప్ చేయాల్సింది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మాటకీ మాటకీ మధ్య ఒక ఖాళీతో.

ఏడీబీ రీబూట్ బూట్‌లోడర్

ఫాస్ట్‌బూట్ డివైసెస్

రెండో ఆదేశానికి జవాబుగా మీ ఫోన్ సీరియల్ సంఖ్య రావాలి. ఏమీ రాకపోతే, లేదా తర్వాతి ఆదేశం దగ్గర 'వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్' అని ఆగిపోతే, తప్పు ఫోన్‌ది కాదు. విండోస్‌లో డ్రైవర్ లేకపోవడం మొదటి కారణం, యూఎస్‌బీ 3 పోర్టు రెండోది. కొన్ని కంప్యూటర్లలో ఫాస్ట్‌బూట్‌కీ ఆ పోర్టుకీ పడదు. యూఎస్‌బీ 2 పోర్టుకి మార్చండి, లేదంటే మామూలు యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టండి.

చాలా చోట్ల ఈ దశలో నేరుగా రికవరీని ఫ్లాష్ చేయమంటారు. నేనైతే అలా చెప్పను. ముందు దాన్ని పార్టిషన్‌లో రాయకుండా, ర్యామ్‌లోకి ఎక్కించి ఒకసారి నడిపి చూడండి:

ఫాస్ట్‌బూట్ బూట్ టీడబ్ల్యూఆర్‌పీ.ఐఎంజీ

దీనివల్ల రెండు లాభాలు. ఫైలు మీ ఫోన్‌కి సరిపోతుందో లేదో ఏమీ మార్చకుండానే తెలుస్తుంది. సరిపోకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే ఫోన్ మామూలుగా లేస్తుంది. రెండోది, కంపెనీ వేసిన అసలు బూట్‌కీ, అసలు రికవరీకీ ఇంకా చెయ్యి పడకముందే నకలు తీసుకోవచ్చు.

తెర మీద మొదట స్క్రీన్ లాక్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇస్తే ఎన్‌క్రిప్ట్ అయి ఉన్న డేటా తెరుచుకుంటుంది. తర్వాత సిస్టమ్‌ని చదవడానికే ఉంచాలా అని అడుగుతుంది. 'కీప్ రీడ్ ఓన్లీ' ఎంచుకోండి. మనకి సిస్టమ్‌లో రాయాల్సిన పనేమీ లేదు. ఒకసారి రాశారంటే డీఎం-వెరిటీ అనే తనిఖీ దాన్ని పట్టుకుని ఫోన్‌ని లేవనివ్వకపోవచ్చు.

ఇప్పుడు బ్యాకప్ బటన్ నొక్కి బూట్, రికవరీ, ఈఎఫ్ఎస్, పర్సిస్ట్ ఎంచుకోండి. మోడెమ్ కనిపిస్తే అదీ ఎంచుకోండి. కంప్రెషన్ గడిలో టిక్ వద్దు. ఈఎఫ్ఎస్‌లో మీ ఫోన్ నెట్‌వర్క్‌కి సంబంధించిన వివరాలు ఉంటాయి. అది పాడైతే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) పోయి సిమ్ పనిచేయడం మానేస్తుంది. పర్సిస్ట్‌లో సెన్సర్ల సర్దుబాట్లు ఉంటాయి. ఈ రెండూ ప్రతి ఫోన్‌కీ సొంతం. అదే మోడల్ వేరే ఫోన్ నుంచి తెచ్చి పెట్టుకుందామంటే కుదరదు. సిస్టమ్ పోతే నెట్‌లో దొరుకుతుంది, ఇవి పోతే దొరకవు.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటి ఉంది. బ్యాకప్‌లో డేటాని ఎంచుకుంటే ఫొటోలు, వీడియోలు కూడా వచ్చేస్తాయనుకుంటారు. రావు. యాప్‌లు, వాటి సెట్టింగులు మాత్రమే వస్తాయి. ఇంటర్నల్ స్టోరేజీలో మీకు కనిపించే ఫైళ్ళని టీడబ్ల్యూఆర్‌పీ వదిలేస్తుంది. పైగా తీసిన బ్యాకప్‌ని అదే ఇంటర్నల్ స్టోరేజీలో దాస్తుంది. రేపు ఎప్పుడైనా ఫార్మాట్ డేటా నొక్కితే ఫొటోలతో పాటు ఆ బ్యాకప్ కూడా పోతుంది. కాబట్టి రికవరీలో ఉండగానే కేబుల్ ద్వారా టీడబ్ల్యూఆర్‌పీ ఫోల్డర్‌ని కంప్యూటర్లోకి కాపీ చేయండి. ఓటీజీ పెన్‌డ్రైవ్ ఉంటే నేరుగా దాంట్లోకే తీసుకోవచ్చు. కాపీ అయ్యాక ఫైళ్ళ సైజులు ఒకసారి పోల్చండి.

వైప్ బటన్ గురించి కూడా ఇప్పుడే తెలుసుకోండి. అక్కడ కింద కనిపించే స్వైప్ డేటాని, క్యాష్‌ని చెరుపుతుంది, మీ ఫొటోల జోలికి పోదు. పక్కనున్న ఫార్మాట్ డేటా 'యెస్' అని టైప్ చేయించుకుని మరీ అన్నీ చెరిపేస్తుంది, ఎన్‌క్రిప్షన్‌తో సహా. అడ్వాన్స్‌డ్ వైప్‌లో సిస్టమ్, వెండర్ గడులు ఉంటాయి. వెంటనే వేయడానికి రామ్ ఫైలు (ఆండ్రాయిడ్ వ్యవస్థ మొత్తం ఉన్న ఫైలు) చేతిలో లేకుండా వాటిని ముట్టుకోకండి.

రికవరీని నిలబెట్టడం

నకళ్ళు కంప్యూటర్లోకి చేరాక మళ్ళీ ఫాస్ట్‌బూట్‌కి వెళ్ళి:

ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ రికవరీ టీడబ్ల్యూఆర్‌పీ.ఐఎంజీ

ఇది పూర్తవగానే ఫోన్‌ని మామూలుగా ఆన్ చేయకండి. కంపెనీ ఆండ్రాయిడ్ లేస్తూనే రికవరీ పార్టిషన్‌ని చూసి, మారిందని తెలిస్తే తన పాతదాన్ని తిరిగి రాసేస్తుంది. 'నిన్న వేశాను, ఇవాళ లేదు' అని వాపోయేవాళ్ళలో చాలామందికి జరిగింది ఇదే. వాల్యూమ్ అప్, పవర్ పట్టుకుని నేరుగా రికవరీలోకే వెళ్ళండి. అక్కడి నుంచి ఆగకుండా రూట్ పని మొదలుపెట్టండి.

రూట్

ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ లైనక్స్ ఒక వేరే యూజర్ సంఖ్య ఇస్తుంది. ఒకదాని ఫైళ్ళు ఇంకోటి చూడలేకపోవడానికి కారణం అదే. సున్నా సంఖ్య ఉన్న యూజరే రూట్, అతనికి ఏ అడ్డూ లేదు. 2008లో వచ్చిన మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్‌లో ఒక లోపం ఉండేది. కీబోర్డు మీద ఏం టైప్ చేసినా అది తెర వెనక రూట్ ఆదేశంగా కూడా వెళ్ళేది. ఎవరికైనా సందేశంలో 'రీబూట్' అని రాసి ఎంటర్ నొక్కితే ఫోన్ నిజంగానే రీబూట్ అయ్యేది! ఆ లోపం పట్టుకునే తొలిసారి ఫోన్‌ని రూట్ చేశారు.

తర్వాతి కాలంలో ఎస్‌యూ అనే చిన్న ప్రోగ్రామ్‌ని సిస్టమ్ పార్టిషన్‌లో పెట్టేవాళ్ళు. తెలుగువాళ్ళకి ఈ దశతో ఒక అనుబంధం ఉంది. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చేదాకా చాలా ఫోన్లలో తెలుగు అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. రూట్ చేసి, సిస్టమ్‌లోని ఫాంట్ ఫైలు స్థానంలో తెలుగు ఉన్న ఫాంట్ పెడితే తప్ప మన భాష మన ఫోన్లో చదవలేని రోజులవి. రూట్ అంటే దొంగపని అనేవాళ్ళకి నేను ఈ ఉదాహరణే చెబుతాను.

డీఎం-వెరిటీ, ఏ ప్రోగ్రామ్ ఏం చేయవచ్చో కట్టడి చేసే ఎస్ఈలైనక్స్ బిగుసుకున్నకొద్దీ సిస్టమ్‌ని మార్చే దారి మూసుకుపోయింది. 2016లో జాన్ వూ మాజిస్క్ అనే రూట్ పనిముట్టు తెచ్చాడు. అది సిస్టమ్‌ని ముట్టుకోదు. బూట్ పార్టిషన్‌లోని ర్యామ్‌డిస్క్‌ని సవరించి, ఫోన్ లేచే మొదటి క్షణాల్లోనే తన పని మొదలుపెడుతుంది. అందువల్ల రూట్ తీసేయాలంటే పాత బూట్ తిరిగి పెడితే చాలు. మీరు ఇందాక బూట్ నకలు ఎందుకు తీశారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మాజిస్క్‌ని గిట్‌హబ్‌లో దాని అసలు పేజీ నుంచే తీసుకోండి. అదే పేరుతో వెలసిన సైట్లని నమ్మకండి. ఫోన్ మొత్తం మీద అధికారం ఇస్తున్న ఫైలు అది. ఏపీకే ఫైలుకి ఒక నకలు చేసి, ఆ నకలు పేరు చివర జిప్ అని మార్చి ఫోన్లోకి పంపండి. టీడబ్ల్యూఆర్‌పీలో ఇన్‌స్టాల్ నొక్కి, ఫైలు ఎంచుకుని స్వైప్ చేయండి. అక్షరాలు పరుగెత్తి చివర్లో 'డన్' అని వస్తుంది. రీబూట్ సిస్టమ్ నొక్కండి. టీడబ్ల్యూఆర్‌పీ తన యాప్ కూడా వేస్తానంటే వద్దనండి, దాంతో మనకి పనిలేదు.

ఫోన్ లేచాక మాజిస్క్ యాప్ కనిపించకపోతే అసలు ఏపీకేని మామూలు యాప్‌లా ఇన్‌స్టాల్ చేయండి. అందులో ఇన్‌స్టాల్డ్ పక్కన వెర్షన్ సంఖ్య ఉండాలి. ఇక పరీక్ష. కంప్యూటర్లో 'ఏడీబీ షెల్' ఇచ్చి, తర్వాత 'ఎస్‌యూ' అనండి. ఫోన్ తెర మీద అనుమతి అడుగుతుంది. ఇచ్చాక టెర్మినల్లో డాలర్ గుర్తు పోయి హ్యాష్ గుర్తు వస్తుంది. 'ఐడీ' అని టైప్ చేస్తే యూఐడీ సున్నా అని చూపిస్తుంది.

ఫోన్ లేవకుండా లోగో దగ్గరే తిరుగుతుంటే కంగారుపడి వైప్‌లు మొదలుపెట్టకండి. కంప్యూటర్లోని బ్యాకప్ ఫోల్డర్లో బూట్.ఈఎంఎంసీ.విన్ అనే ఫైలు ఉంటుంది. దాని నకలుకి బూట్.ఐఎంజీ అని పేరు పెట్టి, ఫాస్ట్‌బూట్‌లో:

ఫాస్ట్‌బూట్ ఫ్లాష్ బూట్ బూట్.ఐఎంజీ

దీంతో ఫోన్ రూట్‌కి ముందున్న స్థితికి వస్తుంది. ఏం జరిగినా ఈ దశలో బూట్‌లోడర్‌కి మళ్ళీ తాళం వేయకండి. మార్పులు చేసిన ఫోన్‌కి తాళం వేస్తే షావోమీ ఫోన్లు 'ద సిస్టమ్ హ్యాజ్ బీన్ డిస్ట్రాయ్డ్' అని చూపించి ఆగిపోతాయి. రూట్ ఉండగా కంపెనీ అప్‌డేట్ వచ్చినా వేయకండి.

వేరే ఫోన్లు ఉన్నవాళ్ళకి

ఆండ్రాయిడ్ 7తో ఏ/బీ పార్టిషన్ పద్ధతి (ముఖ్యమైన పార్టిషన్లు జంటగా ఉండేది) వచ్చింది. ఆ పద్ధతి వాడే చాలా ఫోన్లలో విడి రికవరీ పార్టిషన్ ఉండదు. పైన చెప్పిన ఫ్లాష్ ఆదేశం వాటికి పనికిరాదు. మాజిస్క్ వాళ్ళు కూడా ఇప్పుడు రికవరీ దారిని పాత పద్ధతిగానే చూస్తున్నారు. బూట్ ఫైలుని మాజిస్క్ యాప్‌లోనే సవరించి ఫాస్ట్‌బూట్‌తో వేయమంటున్నారు. ఆండ్రాయిడ్ 13తో అమ్మకానికి వచ్చిన ఫోన్లలో అయితే సవరించాల్సింది సాధారణంగా బూట్ కాదు, ఇనిట్_బూట్. శాంసంగ్ ఫోన్లలో ఫాస్ట్‌బూట్ ఉండదు, ఓడిన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడాలి. పైగా కస్టమ్ ఫైలు వేయగానే నాక్స్ అనే శాంసంగ్ భద్రతా వ్యవస్థలోని ఫ్యూజ్ శాశ్వతంగా కాలిపోతుంది. సెక్యూర్ ఫోల్డర్ లాంటివి మళ్ళీ పనిచేయవు, కంపెనీ సాఫ్ట్‌వేర్ తిరిగి వేసినా సరే.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం. రూట్ అయిన ఫోన్‌ని పాత బూట్ ఫైలుతో రూట్ లేకుండా చేయండి, మళ్ళీ మాజిస్క్ వేయండి. ఈ పుస్తకం చూడకుండా చేయగలిగేదాకా చేయండి. నాలుగో పాఠంలో మాజిస్క్ మాడ్యూళ్ళు వేస్తాం. ఒక మాడ్యూల్ వల్ల ఫోన్ లేవకపోతే దాన్ని బయటి నుంచి ఎలా తీసేయాలో కూడా అందులోనే.