‘మీకు చలిగా ఉందా?’ – బాస్టియన్ జిక్‌ను చదువుతూ జర్మన్ విభక్తులు నేర్చుకునే పద్ధతి

జర్మనీలో నా మొదటి చలికాలం. నేను పనిచేసే వృద్ధాశ్రమంలో ఒక పెద్దావిడ కిటికీ పక్కన ముడుచుకుని కూర్చుంది. శాలువా కప్పుదామని దగ్గరికి వెళ్లి, "జిండ్ జీ కాల్ట్?" అని అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని నవ్వింది. "లేదమ్మా, నేనింకా బతికే ఉన్నాను" అంది.

నేను అడిగింది ఆమెకు "మీరు చల్లబడిపోయారా?" అన్నట్టు వినిపించింది. అడగాల్సిన మాట "ఇస్ట్ ఈనెన్ కాల్ట్?". ఈ ‘ఈనెన్’ అంటే ‘మీకు’. మాటకు మాట పెడితే "మీకు చలిగా ఉందా?" అవుతుంది. వరంగల్‌లో పుట్టిన ఎవరైనా అడిగేది ఇదే కదా. నేను ముందు ఇంగ్లీషులో అనుకుని, ఆ ఇంగ్లీషును జర్మన్‌లోకి మార్చాను. నేరుగా తెలుగు నుంచి వెళ్లి ఉంటే ఆ తప్పు జరిగేదే కాదు.

ఇప్పుడు హనుమకొండలో, నయీంనగర్ వైపు ఒక చిన్న గదిలో, నర్సింగ్ చదివిన పిల్లలకు జర్మన్ చెబుతున్నాను. పరకాల, జమ్మికుంట, ములుగు, మంచిర్యాల నుంచి వస్తారు. చాలామంది కాళోజీ పేరు మీదున్న హెల్త్ యూనివర్సిటీ పరీక్షలు రాసి వచ్చినవాళ్లే. బీ1, అంటే జర్మన్ చదువులో మూడో మెట్టు, దాకా బాగానే లాక్కొస్తారు. అక్కడ డాటివ్, గెనిటివ్ అనే రెండు విభక్తుల దగ్గర టెన్షన్ మొదలవుతుంది. ఆ దశలో నేను వాళ్ల చేతికి ఇచ్చేది ఇంకో వ్యాకరణ పుస్తకం కాదు, బాస్టియన్ జిక్ రాసిన ఒక చిన్న వ్యాసం. దాన్ని ఎలా చదవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

జిక్ 1965లో ల్యూబెక్‌లో పుట్టిన జర్నలిస్టు. జర్మన్లు తమ భాషను తామే ఎలా తికమక చేసుకుంటున్నారో 2003 నుంచి ష్పీగెల్ పత్రిక ఆన్‌లైన్ విభాగంలో సరదాగా ఒక శీర్షిక రాశాడు. ఆ వ్యాసాలు 2004లో పుస్తకంగా వచ్చాయి, లక్షల్లో అమ్ముడుపోయాయి. 2006లో కోల్న్ నగరంలోని పెద్ద స్టేడియంలో దాదాపు 15,000 మంది టికెట్ కొనుక్కుని వచ్చి ఆయన వ్యాకరణ పాఠం విన్నారు. విభక్తుల గురించి వినడానికి అంతమంది రావడం తలచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

ఆయన శీర్షిక పేరు ‘త్స్వీబెల్‌ఫిష్’. విడగొడితే ఉల్లిచేప. ఇది అచ్చు పనివాళ్ల మాట. ఒక రకం టైపులో కూర్చిన పేజీలో పొరపాటున ఇంకో రకం టైపు అక్షరం దూరితే, ఆ తప్పు అక్షరాన్ని అలా అంటారు. మా నాన్న వరంగల్‌లో ఒక ప్రెస్సులో కంపోజిటర్. గళ్లపెట్టెలోంచి ఒక్కో సీసం అక్షరం ఏరి పెళ్లిపత్రికలు కూర్చేవాడు. అక్షరాలు తిరిగి గళ్లలో వేసేటప్పుడు ఒకటి పక్క గడిలో పడితే, రేపటి పత్రికలో అది బయటపడుతుందని చెప్పేవాడు. తప్పును చూడగానే అది ఏ గడిలోంచి వచ్చిందో ఆయన చెప్పగలిగేవాడు. జిక్‌ను చదివేటప్పుడు మీరూ అదే చెయ్యాలి. తప్పు కనపడగానే ఇది ఏ గడిలోంచి వచ్చింది అని అడగాలి.

బీ1 పూర్తి కాకముందు ఆయన్ను ముట్టుకోవద్దు. వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, నుడికారాలు ఎక్కువ. తొందరపడితే నవ్వు రాదు, దిగులొస్తుంది. బీ1 అయ్యాక వారానికి ఒక్క వ్యాసం చాలు. ఒకసారి పైకి చదవండి. రెండోసారి చదువుతూ, ఆయన పట్టుకున్న తప్పు వాక్యం ఒక్కటి ఎత్తి రాసుకోండి. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొని పేజీకి మూడు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో జనం అనే వాక్యం, రెండో గడిలో పుస్తకం ఒప్పుకునే వాక్యం, మూడో గడిలో అదే మాట మీ ఇంట్లో ఎలా అంటారో అలా. మూడో గడిలో పత్రికల తెలుగు రాయొద్దు. అమ్మతో ఎలా అంటారో అదే రాయండి.

మొదటి పాఠం ఆయన పుస్తకం పేరే: ‘డేర్ డాటివ్ ఇస్ట్ డేమ్ గెనిటివ్ జైన్ టోట్’. డాటివ్ అంటే మన ‘కి, కు’. గెనిటివ్ అంటే ‘యొక్క’. గెనిటివ్‌ను డాటివ్ చంపేస్తోందని ఈ పేరుకు అర్థం. పుస్తకం ఒప్పుకునే పద్ధతిలో ‘డేర్ టోట్ డెస్ గెనిటివ్స్’, అంటే ‘గెనిటివ్ యొక్క చావు’ అనాలి. ఆయన కావాలనే ‘గెనిటివ్‌కి దాని చావు’ అని, జర్మనీలో చాలాచోట్ల జనం మాట్లాడుకునే తీరులో రాశాడు. హత్య జరిగిందని చెప్పే వాక్యంలోనే హత్య జరిగిపోయింది. ఈ పేరు చదివి మీకు నవ్వొస్తే డాటివ్ సగం వచ్చినట్టే.

ఇది అర్థం కావడానికి మనకున్నంత సౌకర్యం ఇంగ్లీషు వాళ్లకు లేదు. బడిలో వల్లెవేసిన విభక్తులు గుర్తు తెచ్చుకోండి. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ – షష్ఠీ విభక్తి. మన సంప్రదాయ వ్యాకరణం ‘కి’నీ ‘యొక్క’నీ ఒకే ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ ఇంట్లో ఏం జరిగిందో చూడండి. ‘మా నాన్న యొక్క ఇల్లు’ అని ఇంట్లో ఎవరం అనం. ‘మా నాన్న ఇల్లు’ అంటాం. ‘యొక్క’ పాఠాల్లో, అనువాదాల్లో, కోర్టు కాగితాల్లో మిగిలింది. ‘కి’ మాత్రం రోజంతా నోట్లోనే ఉంటుంది. జర్మన్ గెనిటివ్ కూడా ఇలాగే మాటలోంచి రాతలోకి జరిగింది. ‘నాన్న ఇల్లు’ అనడానికి ‘డాస్ హౌస్ డెస్ ఫాటర్స్’ అని రాస్తారు. మాట్లాడేటప్పుడు ‘ఫోమ్ ఫాటర్’ అని డాటివ్ వాడతారు. కొన్ని ఊళ్లలో అయితే ‘డేమ్ ఫాటర్ జైన్ హౌస్’, నాన్నకి ఆయన ఇల్లు అంటారు. మా క్లాసులో ఈ మాట చెప్పినరోజు ఒకమ్మాయి "అయితే మన యొక్కకు పట్టిన గతే గదా మేడం" అంది. ఆ రోజు నుంచి ఆ అమ్మాయికి గెనిటివ్ అంటే భయం పోయింది.

ఇక డాటివ్. దీన్ని నిదానంగా నేర్చుకోండి, వార్డులో రోజంతా దీంతోనే పని. మనకు ఒంట్లో, మనసులో ఏదైనా కలిగితే తెలుగులో ‘నాకు’ అంటాం. జర్మన్‌లోనూ చాలాచోట్ల అంతే, ‘మియర్’ అంటారు. నాకు వికారంగా ఉంది అంటే ‘మియర్ ఇస్ట్ ష్లెహ్ట్’. నాకు కళ్లు తిరుగుతున్నాయి అంటే ‘మియర్ ఇస్ట్ ష్విండ్లిష్’. నాకు తల నొస్తుంది అంటే ‘మియర్ టూట్ డేర్ కొప్ఫ్ వే’. ఇది నాకు నచ్చింది, దాస్ గెఫెల్ట్ మియర్. నీకు సాయం చేస్తా, ఇష్ హెల్ఫె డియర్. వీటిలో దేనికీ ఇంగ్లీషు గుండా వెళ్లాల్సిన అవసరం లేదు. వెళ్తే ప్రమాదం కూడా. ‘ఇష్ బిన్ ష్లెహ్ట్’ అంటే నాకు బాగోలేదని కాదు, నేను చెడ్డదాన్ని అని. ‘ఇష్ బిన్ హైస్’ అంటే ఉక్కపోస్తుందని కాదు. ఆ మాటకు అక్కడ వేరే అర్థం తీస్తారు, ఆడపిల్లలు ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి. ఉక్కగా ఉంటే ‘మియర్ ఇస్ట్ హైస్’ అనాలి.

కానీ తెలుగు దారి చివరిదాకా పోదు. ఎక్కడ ఆగుతుందో తెలియకపోతే మళ్లీ తప్పులే. నాకు ఆకలి, నాకు దాహం, నాకు భయం – ఈ మూడింటికీ జర్మన్‌లో ‘నేను కలిగి ఉన్నాను’ అనే పద్ధతి: ఇష్ హాబె హుంగర్, డుర్స్ట్, ఆంగ్స్ట్. నాకు తెలుసు అంటే ‘ఇష్ వైస్’. నాకు జర్మన్ వచ్చు అంటే ‘ఇష్ కాన్ డాయిచ్’. నాకు కావాలి అంటే ‘ఇష్ బ్రౌహె’. వీటన్నింటిలో ‘నేను’ వస్తుంది, ‘నాకు’ రాదు. వీటిని నోట్‌బుక్ చివరి పేజీలో ఎర్ర ఇంకుతో విడిగా రాయించి, క్లాసు మొదలుపెట్టేటప్పుడు రోజూ చదివిస్తాను. నేను రాయించేవి ఇరవై మాటలకు మించవు. మిగతా దారిలో చాలామేరకు తెలుగు తోడు వస్తుంది.

వాక్యం చివర క్రియ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ‘వైల్’ (ఎందుకంటే) తర్వాత క్రియ చివరికి పోవాలి, మనకు పుట్టుకతో వచ్చిన అలవాటే అది. "టైం లేదు కాబట్టి" అన్నట్టే. జర్మన్లే మాట్లాడేటప్పుడు దాన్ని మధ్యలోకి తెస్తుంటారు. మీరు మాత్రం చివరే ఉంచండి.

‘వేగెన్’ దగ్గర కాస్త ఆగాలి. వాన వల్ల అనడానికి ‘వేగెన్ డెస్ రేగెన్స్’ అని గెనిటివ్‌తో రాయాలి. కానీ జనం ‘వేగెన్ డేమ్ రేగెన్’ అని డాటివ్‌తో అంటారు, వాడుకలో ఉందని నిఘంటువులూ ఒప్పుకుంటాయి. మరి ఏది నేర్చుకోవాలి? రెండూ. పరీక్ష పేపర్లో, రోగి రిపోర్టులో ‘డెస్’ రాయండి. మంచం మీది ముసలాయన ‘డేమ్’ అంటే వినండి, సరిదిద్దకండి. వరంగల్ పిల్లలకు ఇది విడమర్చి చెప్పాల్సిన పని లేదు. ఇంట్లో ‘అచ్చిండు’ అని, బడిలో ‘వచ్చాడు’ అని రాసి పెరిగినవాళ్లం. రెండు భాషలు ఎక్కడెక్కడ వాడాలో మనకు పదేళ్ల వయసుకే తెలుసు.

ఇక్కడే జిక్‌తో నాకు ఒక పేచీ ఉంది, పిల్లలకు కూడా దాచకుండా చెబుతాను. కొన్ని వ్యాసాల్లో ఆయన ఊరి మాటను, ఇంటి మాటను తప్పుల గడిలో వేస్తాడు. ఆండ్రే మైనుంగర్ అనే భాషాశాస్త్రవేత్త 2008లో దీనికి జవాబుగా ఒక పుస్తకమే రాశాడు. జిక్ తప్పు అన్న చాలా వాటికి వాటిదైన నియమం ఉందని చూపించాడు. బడిపలుకుల భాష కంటే పలుకుబడుల భాషను పైన నిలబెట్టిన కాళోజీ తిరిగిన ఊళ్లో కూర్చుని, ‘డేమ్ ఫాటర్ జైన్ హౌస్’ అన్న రైతును చూసి నేను నవ్వలేను. ఆ రైతు మాట మొదటి గడిలో ఉంటుంది కానీ దాని పక్కన ‘తప్పు’ అని రాయనివ్వను. ‘ఎక్కడ అంటారు’ అని రాయిస్తాను.

జిక్ పూర్తిగా సరైన చోట ఉన్నాడని నాకనిపించేది ఇంగ్లీషు అనువాదాల విషయంలో. ‘దాస్ మాహ్ట్ జిన్’ అనే మాటను ఆయన గట్టిగా పట్టుకున్నాడు. ఇంగ్లీషులో ‘మేక్స్ సెన్స్’ అంటారని జర్మన్లూ అర్థాన్ని ‘తయారు’ చెయ్యడం మొదలుపెట్టారు. ‘దాస్ ఎర్‌గీబ్ట్ జిన్’ అని తమ మాట ఉండగా ఎందుకు అని ఆయన ప్రశ్న. ఈ వ్యాసం చదివాక క్లాసులో ఒక పని ఇస్తాను. ఆ రోజు తెలుగు పత్రిక తెచ్చుకుని ‘బడు’ ఉన్న వాక్యాలు ఏరమంటాను. ‘పోలీసుల చేత అరెస్టు చేయబడ్డాడు’ అనేది ఇంగ్లీషు నీడ. మన నోటికి ‘పోలీసులు అరెస్టు చేశారు’ అని వస్తుంది. పత్రికలో పది ‘బడు’లు పట్టుకున్న పిల్లకు జర్మన్‌లో ఇంగ్లీషు నీడను పట్టుకోవడం సులువవుతుంది. ఈ ఒక్క పనికి ఆదివారం పూట గంటన్నర పోయినా నేను తొందరపెట్టను.

చదవడానికి ఓపిక లేని రోజు వినండి. ఆయన వ్యాసాలు ఆడియో పుస్తకాలుగా ఉన్నాయి. బస్సులో జమ్మికుంట నుంచి హనుమకొండ వచ్చేలోపు మూడు నాలుగు వ్యాసాలు వినొచ్చు. మీకు ఎక్కడ నవ్వొచ్చిందో, ఎక్కడ రాలేదో గుర్తు పెట్టుకోండి. నవ్వు రాని చోట మీకు తెలియని విభక్తో, తెలియని నుడికారమో ఉంటుంది. క్లాసుకు తెచ్చుకోవాల్సింది ఆ చోటే.

పోయిన నెల ఒకమ్మాయి ‘ఇష్ రూఫె డియర్ ఆన్’ అని రాసుకొచ్చింది. నీకు ఫోన్ చేస్తా అని ఆమె ఉద్దేశం, తెలుగు దారినే పోయింది. పుస్తకం ప్రకారం అక్కడ డియర్ కాదు, ‘డిష్’, అంటే ‘నిన్ను’ రావాలి. తప్పని కొట్టెయ్యబోయి, ఆగి, అందరికీ చెప్పాను: స్విట్జర్లాండ్‌లో, జర్మనీ నైరుతి మూలన జనం ఈ అమ్మాయిలాగే ‘నీకు ఫోన్ చేస్తా’ అంటారు. ఆ అమ్మాయి నోట్‌బుక్ తీసి, మూడు గడుల పక్కన స్కేలు పెట్టి నాలుగోది గీసుకుంది. అందులో ఇలా రాసుకుంది: "పరీక్షలో డిష్. స్విట్జర్లాండ్ పోతే డియర్ కూడా నడుస్తది."